మా కెమెరా ఎక్కడి నుంచి చూసింది?

పెదపాడు మండలంలో మేం పనిచేసే బడిలో ఒక సినిమా క్లబ్బు ఉంది. పేరు పెద్దదే గానీ ఉన్న సామాను కొంచెమే. ఒక సెల్‌ఫోను, పెళ్ళిళ్ళు తీసే ఫోటోగ్రాఫరు దగ్గర సగం ధరకి కొన్న ట్రైపాడ్, కాలరుకి తగిలించుకునే చిన్న మైకు. తొమ్మిదో తరగతి పిల్లలు ఏడుగురు. శనివారం సాయంత్రం బడి వదిలాక ఒక గంట కూర్చుంటాం. ఈ ఏలూరు చుట్టుపక్కల బడుల్లో, కాలేజీల్లో ఇలాంటివి ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఫోను లేని ఇల్లు లేదు, ఫోనున్న కుర్రాడికి సినిమా తీయాలన్న కోరిక లేకుండా లేదు.

ఆదివాసీ రచయితలం సినిమా గురించి రాసినప్పుడల్లా పెద్ద సినిమాల మీదే రాస్తాం. ఆకులు కట్టించి గంతులు వేయించారని, మా మాటను వెక్కిరింపుగా పలికించారని, సోది చెప్పే ఎరుకలసానిని నవ్వులాటకి పెట్టారని. అదంతా నిజమే, ఇంకా రాయాలి. అయితే ఆ పెద్దవాళ్ళు మన విమర్శ చదవరు. చిన్న కెమెరాలు పట్టుకున్నవాళ్ళు చదువుతారు, ఎందుకంటే వాళ్ళు మనమే. అందుకని ఈసారి మా క్లబ్బుతోనే మొదలుపెడుతున్నాం.

మేం తీసిన మొదటి సినిమా ఐదు నిమిషాలది. ఒక పోటీకి పంపడానికి తీశాం. ఇచ్చిన అంశం చదువు విలువ. కథ ఇదీ: చేపల చెరువు గట్టు మీద గుడిసెలో ఒక యానాది కుటుంబం. తండ్రి తాగుబోతు. కొడుకుని బడి మాన్పించి చెరువు కాపలాకి పెడతాడు. ఒకరోజు ఉపాధ్యాయుడు గట్టు మీదికి వస్తాడు, నాలుగు మంచి మాటలు చెబుతాడు, తండ్రి సీసా చెరువులోకి విసిరేస్తాడు, పిల్లవాడు సంచీ తగిలించుకుని బడికి వెళతాడు. చివర్లో వేణువు. జిల్లా స్థాయిలో ప్రోత్సాహక బహుమతి వచ్చింది. సర్టిఫికెట్టు హెడ్మాస్టరు గదిలో ఉంది.

ఆ సినిమాలో పిల్లవాడిగా వేసింది మా బడి పిల్లవాడే. నిజంగానే గట్టు మీద ఉంటాడు, నిజంగానే యానాది. గుడిసె కూడా వాళ్ళదే. తండ్రి వేషం వేరే ఆయన వేశాడు. ఈ పిల్లవాడి తండ్రి పొద్దున్నే పడవ మీద వెళ్ళి తవుడు సంచులు గెడలకి కట్టి వస్తాడు, రాత్రి చెరువు కాపలా కాస్తాడు. మందు ముట్టడు. పిల్లవాడు ఒక్కరోజు కూడా బడి మానింది లేదు. మరి సినిమాలో అలా ఎందుకు పెట్టాం? పెట్టకపోతే కథ ఎక్కడుంది అనుకున్నాం. అంతే.

సినిమా వాళ్ళింట్లో ఎవరికీ చూపించలేదు. చూపించాలన్న ఆలోచనే రాలేదు. బహుమతి వచ్చాక నెలకో ఏమో వాళ్ళమ్మ బడికి వచ్చి, ఎవరి ఫోనులోనో చూశానని చెప్పింది. కోపంగా ఏం మాట్లాడలేదు. "ఏవండి మాస్టారూ, మా ఇల్లు అంత చీకటిగా ఎందుకు తీశారండి? మా ఇంట్లోకి పొద్దున్నే ఎండొస్తదండి" అంది. కాసేపాగి, "ఆళ్ళ నాన్నని అందరూ అడుగుతున్నారండి, ఎప్పుడు మానేశావని" అంది. తర్వాత తెలిసింది, తరగతిలో కూడా ఆ పిల్లవాడిని తాగుబోతు కొడుకని పిలుస్తున్నారు. వాడు మాతో అనలేదు. మేం చూసుకోలేదు.

మేం కోయవాళ్ళం, బుట్టాయగూడెం వైపు నుంచి ఉద్యోగానికి ఈ పల్లానికి దిగివచ్చినవాళ్ళం. మైదానంలో యానాది అన్న మాటను తిట్టుగా వాడతారని మాకు తెలుసు. కోయోడివి అని మమ్మల్ని అన్న రోజులు కూడా గుర్తున్నాయి. అయినా మా చేతికి కెమెరా రాగానే, మమ్మల్ని ఎలా చూశారో మేం యానాదుల్ని అలాగే చూశాం. గుడిసె అనగానే లైటు తగ్గించాం. బీదవాడనగానే సీసా పెట్టాం. ఆదివాసీ తీస్తే ఆదివాసీ చూపు దానంతటదే వస్తుందని ఇన్నాళ్ళూ సభల్లో చెబుతూ వచ్చాం. ఆ మాట మేం వెనక్కి తీసుకుంటున్నాం.

ఈ మూస ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచిస్తే కొంత వెనక్కి వెళ్ళాలి. సరదా కోసం సినిమా తీసేవాళ్ళ క్లబ్బులు కొత్తవి కావు. 1923లో కొడాక్ కంపెనీ 16 మిల్లీమీటర్ల ఫిల్ము తెచ్చాక ఇళ్ళల్లో కెమెరా సాధ్యమైంది. 1926లో న్యూయార్క్‌లో అమెచ్యూర్ సినిమా లీగ్ అని పెట్టుకున్నారు. డబ్బూ తీరికా ఉన్నవాళ్ళ వ్యవహారం అది. మన దేశంలో దారి వేరుగా పడింది. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా వాళ్ళు కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు, 1959లో సొసైటీల సమాఖ్య వచ్చింది. తెలుగులో హైదరాబాదు ఫిల్మ్ క్లబ్బు, కరీంనగర్ ఫిల్మ్ సొసైటీ లాంటివి చాలా ఏళ్ళు మంచి పని చేశాయి. ఇవన్నీ చూసే సంఘాలు. మంచి సినిమా తెప్పించి, చూసి, మాట్లాడుకునేవి. ఫిల్ము ఖరీదు వల్ల తీయడం అన్నది మామూలు మనిషికి అందేది కాదు. ఫోను వచ్చి తీయడం చేతికందించింది. అయితే చూసి మాట్లాడుకునే అలవాటు దాంతోపాటు రాలేదు. మా క్లబ్బులో కూడా అంతే. మొదటి రోజే షాట్లు తీయడం నేర్పాం, ఎవరి సినిమా ఒక్కటీ చూపించలేదు.

తెలుగు షార్ట్ ఫిల్ముల సంగతి అందరికీ తెలిసిందే. రాజ్ తరుణ్ షార్ట్ ఫిల్ములు చేసి చేసి 2013లో 'ఉయ్యాల జంపాల'తో హీరో అయ్యాడు. తరుణ్ భాస్కర్ 'సైన్మా' తర్వాత 'పెళ్ళిచూపులు' తీశాడు. వాళ్ళని తప్పుపట్టేదేం లేదు, కష్టపడ్డారు, పైకొచ్చారు. కాకపోతే దాని ప్రభావం క్లబ్బుల మీద ఒకరకంగా పడింది. ప్రతి చిన్న సినిమా ఒక పెద్ద సినిమాకి దరఖాస్తు అయిపోయింది. దరఖాస్తు పెట్టేవాడు అవతలివాడికి తెలిసిన భాషలోనే పెడతాడు. మా జిల్లా కుర్రాళ్ళు తీసినవి ఓపిగ్గా కూర్చుని చూశాం. సగం ప్రేమకథలు. మిగతా సగం సందేశాలు: మద్యం, ప్లాస్టిక్, బాల్యవివాహం, హెల్మెట్. సందేశం ఉన్నచోటల్లా తెలియనివాడు ఒకడు, తెలిసినవాడు ఒకడు. తెలియనివాడు ఎప్పుడూ లుంగీలో ఉంటాడు, తెలిసినవాడు ఇన్‌షర్టులో ఉంటాడు.

2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'సినిమా బండి' చూడని క్లబ్బు పిల్లలుండరు. ప్రవీణ్ కండ్రేగుల తీశాడు. ఆటోలో ఎవరో మర్చిపోయిన కెమెరా దొరికితే ఆటో డ్రైవరు వీరబాబు, పెళ్ళి ఫోటోలు తీసే గణపతి కలిసి ఊళ్ళోవాళ్ళతో సినిమా మొదలుపెడతారు. మాకు ఇష్టమైన సినిమా. ఊరిమాట ఊరిమాటలాగే ఉంది. మంగలి కుర్రాడు హీరో, కూరగాయలమ్మే అమ్మాయి హీరోయిను. ఒక్క సంగతి మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. ఊరి కష్టాలు తీర్చడానికి సినిమా తీయాలనుకున్న వీరబాబు చివరికి తీసేది ఒక ప్రేమకథే, ఆ ఊరి కష్టం దాంట్లో ఎక్కడా లేదు. దర్శకుడు దాన్ని హాస్యం చేశాడు, మేమూ నవ్వాం. తర్వాత అనిపించింది, మేం తీసిందీ అదే కదా అని.

మహారాష్ట్రలో మాలెగావ్ అనే మరమగ్గాల ఊరుంది. అక్కడ షేక్ నాసిర్ అనే వీడియో పార్లరు ఆయన 2000లో 'మాలెగావ్ కే షోలే' తీశాడు. అదీ పెద్ద సినిమాకి నకలే. అయితే అది పోటీకి కాదు, పైవాళ్ళకి చూపించడానికి కాదు. మాలెగావ్ వాళ్ళు చూడ్డానికి మాలెగావ్ వాళ్ళే తీసుకున్నది. వెక్కిరింపు ఉంటే అది పెద్ద సినిమా మీదే. తమ ఊరి మగ్గం కూలీ మీద కాదు. నకలు కొట్టడం పాపం కాదని, ఎవరిని చూసి నవ్వుతున్నామో అది చూసుకోవాలని ఈ ఒక్క ఉదాహరణ పిల్లలకి చెప్పడానికి సరిపోయింది.

అసలు మా కళ్ళు తెరిపించింది పస్తాపూర్. జహీరాబాద్ దగ్గర ఊరది, ఉమ్మడి మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. అక్కడ 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో ఊరూరా మహిళా సంఘాలున్నాయి. ఎక్కువమంది దళిత స్త్రీలు, చిరుధాన్యాలు పండించేవాళ్ళు. వాళ్ళలో కొందరు తొంభైల చివర్లో వీడియో నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. చదువు రానివాళ్ళు కెమెరా పట్టారు, ఎడిటింగ్ చేశారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి వేసిన రైతుల పొలాలకి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, వాళ్ళకెందుకు కోపం వచ్చిందో 2003 నాటికి సినిమాగా తీశారు. అది వేరే దేశాల దాకా వెళ్ళింది. 2008లో వాళ్ళదే సంఘం రేడియో మొదలైంది. ఈ పనంతటి వెనక నిలబడ్డ పి.వి. సతీష్ దూరదర్శన్‌లో పనిచేసి వచ్చినవాడు, 2023లో చనిపోయారు.

ఆ స్త్రీలు షాట్లకి పెట్టుకున్న పేర్లు చూడండి. కెమెరా పైనుంచి కిందికి చూస్తే దాన్ని పటేల్ షాట్ అన్నారు. ఊళ్ళో దొర అరుగు మీద కూర్చుని కింద నిలబడ్డవాళ్ళని చూసే చూపు అది. కింద నుంచి పైకి చూస్తే బానిస చూపు. కంటికి కన్ను సమానంగా పెట్టి తీస్తే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు. సినిమా బళ్ళలో హై యాంగిల్, లో యాంగిల్ అని కొలతలాగా నేర్పేదాన్ని వాళ్ళు తమ ఊరి అనుభవంతో చెప్పారు. మేం డి.ఇడి.లో బోధనోపకరణాల గురించి ఎన్నో పేజీలు రాసినవాళ్ళం. ఇంత సూటిగా చెప్పిన పాఠం చదవలేదు.

ఈ పేర్లు మా పిల్లలకి చెప్పాక మా మొదటి సినిమా మళ్ళీ వేశాం. ఎవరూ అడగకుండానే ఒక పిల్ల లెక్కపెట్టింది. మాస్టారు వేషం వచ్చిన ప్రతిసారీ కెమెరా కిందనుంచి చూస్తోంది. తండ్రి గుడిసె ముందు కూర్చున్న ప్రతిసారీ పైనుంచి చూస్తోంది. గట్టు ఎత్తుగా ఉంది, నిలబడి తీశాం, అందుకే అలా వచ్చిందని సర్దిచెప్పబోయాం. "మనం కూర్చోవచ్చు కదండీ" అంది ఆ పిల్ల.

పస్తాపూర్‌ను కూడా కళ్ళుమూసుకుని పొగడక్కర్లేదు. దాని వెనక ఒక సంస్థ ఉంది, నిధులున్నాయి, సంవత్సరాల తరబడి నేర్పినవాళ్ళున్నారు. సంస్థ ఒప్పుకోని సంగతి ఆ కెమెరాల్లోకి ఎంత వస్తుందన్నది అడగవలసిన ప్రశ్నే. అయినా ఒకరోజు వర్క్‌షాపు పెట్టి, సర్టిఫికెట్లు పంచి, గ్రూపు ఫోటో దిగి వెళ్ళిపోయే క్లబ్బులతో దాన్ని ఒక గాటన కట్టలేం. అక్కడ తీసేవాళ్ళు మర్నాడు కూడా అదే ఊళ్ళో ఉంటారు. తప్పుగా చూపిస్తే బావి దగ్గర నిలదీస్తారు.

మరో ఉదాహరణ చాలా దూరానిది. 1966 ఎండాకాలంలో అమెరికాలో అరిజోనా రాష్ట్రం పైన్ స్ప్రింగ్స్ అనే చోట సోల్ వర్త్, జాన్ అడెయిర్ అనే ఇద్దరు పరిశోధకులు నవాహో ఆదివాసులకి 16 మిల్లీమీటర్ల కెమెరాలిచ్చి, ఇష్టమొచ్చింది తీసుకోమన్నారు. ముందు అక్కడి పెద్దాయన దగ్గర అనుమతి అడిగారు. ఆయన, ఈ సినిమాల వల్ల మా గొర్రెలకేమైనా కీడుందా అని అడిగాడట. లేదన్నారు. మేలుందా అన్నాడట. అదీ లేదన్నారు. మరి ఎందుకు తీయడం అని అడిగాడట. మేం ఇంతవరకు ఏ పోటీలోనూ ఏ న్యాయనిర్ణేతా ఇలాంటి ప్రశ్న వేయగా వినలేదు.

వాళ్ళు తీసిన సినిమాల్లో ఒకటి నేతగత్తె గురించి. నేయడం ఎంతో లేదు. ఎక్కువసేపు నడకే. ఉన్ని కోసం, వేళ్ళ కోసం వెళ్ళడం, రావడం. బయటివాళ్ళకి ఇది చేతకానితనంలా కనిపించవచ్చు. కోయవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ఇప్పపూవు ఏరడం ఎంతసేపు, తెల్లారకముందే లేచి చెట్టు దాకా నడిచేది కదా పని. సంతకి వెళ్ళడం అంటే కొనడం అమ్మడం కాదు, దారి, దారిలో కలిసే చుట్టాలు. మా క్లబ్బులో ఎడిటింగ్ అనగానే పిల్లలు ముందుగా తీసేసేది నడకనే. బోరు అంటారు. రీల్స్ చూసి అలవాటైన కళ్ళు. వాళ్ళని అనేదేముంది, మేమూ ముప్పై సెకన్లకే వేలితో పైకి తోసేస్తున్నాం.

పైన మా ఏజెన్సీలో ఈ సంగతి ఇంకా బాధగా ఉంటుంది. గోదావరి మీద పాపికొండల మధ్య ఎన్ని తెలుగు సినిమాల పడవలు వెళ్ళాయో. 1973లో బాపు 'అందాల రాముడు' లాంచీ భద్రాచలం దాకా అటునుంచే వెళ్ళింది. కొండలు అందంగా ఉంటాయి, నీళ్ళు అందంగా ఉంటాయి. ఒడ్డున ఉన్న కోయ గూడెం, కొండరెడ్ల ఊరు వెనక కట్టిన పరదాలాగా దాటిపోతాయి. ఇప్పుడు పోలవరం కింద ఆ ఊళ్ళే పోతున్నాయి. 2014లో కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్ని ఇటు కలిపారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ మండలాల ఊళ్ళు మునిగాయి. మా చుట్టాల పిల్లలు ఇంటి కప్పు మీద నుంచి, పడవలో నుంచి ఫోన్లతో తీసి పంపారు. ఒక్కోటి పది, ఇరవై సెకన్లు. వాటిని ఎవరూ ఒకచోట చేర్చలేదు. కొన్ని ఫోన్లు పాడైపోయాయి, కొన్ని మెమరీ నిండిందని తుడిపేశారు. భూదేవి పండగ, కొమ్ము నృత్యం మాత్రం బయటివాళ్ళు మంచి కెమెరాలతో తీసి పట్టుకెళ్ళారు, అవి మా ఊళ్ళకి తిరిగి రాలేదు.

ఊరు ఖాళీ చేయించే సమయంలో సినిమా ఏం చేయగలదన్నదానికి ఒక పాత ఉదాహరణ ఉంది. కెనడాలో ఫోగో అనే దీవిలో చేపలు పట్టేవాళ్ళు ఉంటారు. అక్కడి జనాన్ని వేరేచోటికి తరలించాలన్న మాట నడుస్తున్నప్పుడు, 1967లో కోలిన్ లో అనే ఆయన అక్కడి మనుషుల మాటల్ని చిన్న చిన్న సినిమాలుగా తీశాడు. తీసినవి ముందు దీవిలోవాళ్ళకే చూపించారు. మాట్లాడినవాళ్ళకి తమ మాట తీసేయమనే హక్కు ఉంది. ఒక పాయవాళ్ళ కష్టం ఇంకో పాయవాళ్ళకి తెరమీద తెలిసింది. తర్వాతే ప్రభుత్వంలోవాళ్ళకి చూపించారు. జనం దీవిలోనే ఉండిపోయారు, సహకార సంఘం పెట్టుకున్నారు. సినిమా వల్లే నిలిచారని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఒకళ్ళ మాట ఒకళ్ళు వినడానికి అది సాయపడింది. మా దగ్గర పోలవరం మీద ఎన్నో వీడియోలు వచ్చాయి. మునిగే ఊరి మనిషి చెప్పింది కాలనీకి ముందే వెళ్ళిన ఊరివాళ్ళకి చూపించి, మీకు ఇక్కడ ఎలా ఉందో చెప్పండి అని అడిగిన వీడియో ఒక్కటీ మా కంటపడలేదు.

భాష సంగతి కూడా ఒక మాట. రాంచీలో ఉరావ్ ఆదివాసీ బిజు టోప్పో, మేఘనాథ్‌తో కలిసి 'అఖ్రా' పేరుతో సంవత్సరాలుగా సినిమాలు తీస్తున్నాడు, జాతీయ బహుమతులు వచ్చాయి, కుడుఖ్ భాషలోనూ తీశాడు. కోయ మాటలో పూర్తిగా సాగే సినిమా తీద్దాం, కింద తెలుగు అక్షరాలు వేద్దాం అని మేం అన్నప్పుడు మావాళ్ళే, పోటీలో ఎవరికి అర్థమవుతుంది మాస్టారూ అన్నారు. ఎవరి కోసం తీస్తున్నామన్న ప్రశ్న మళ్ళీ అక్కడికే వచ్చి ఆగింది.

ఇదంతా చదువుకున్నాక మా పెదపాడు పిల్లలు రెండో సినిమా తీశారు. పోటీకి కాదు. ఆ యానాది పిల్లవాడి ఇంటికే వెళ్ళి, మళ్ళీ తీస్తాం, ఈసారి ఏం తీయాలో మీరు చెప్పండి అన్నాం. వాళ్ళమ్మ వెంటనే ఒప్పుకోలేదు. రెండు వారాల తర్వాత, పట్టుబడి రాత్రి రండి అని కబురు పంపింది. అర్ధరాత్రి దాటాక వల దించారు. బొచ్చెలు, శీలావతులు వలలో ఎగురుతుంటే నడుంలోతు నీళ్ళల్లో మనుషులు. తూకం, ఐసు, లారీ. తెల్లవారాక ఆమె ఇంట్లోకి ఎండ ఎలా వస్తుందో నిలబెట్టి చూపించింది, పిల్లలు అది కదలకుండా రెండు నిమిషాలు తీశారు. మొత్తం ఇరవై రెండు నిమిషాలు వచ్చింది. నడక తీసేయలేదు. కొంచెం సాగుతుంది, నిజం చెప్పాలి. రాత్రి తీసినవాటిలో సగం మసక, మాట సరిగా వినిపించదు.

గట్టు మీదే దుప్పటి కట్టి, బడి ప్రొజెక్టరు తెచ్చి వేశాం. పక్క గట్ల నుంచి కూడా వచ్చారు. తండ్రి తవుడు సంచి కడుతూ కనిపించినప్పుడు ఈల వేశారు. ఒకచోట ఆయన, కూలి డబ్బు ఎన్నాళ్ళుగా రాలేదో, అడిగితే ఏమన్నారో చెబుతాడు. మా లెక్కలో సినిమా మొత్తానికి ప్రాణం ఆ ముక్కే. అది రాగానే ఎవరూ మాట్లాడలేదు. అయిపోయాక ఆ తల్లి దగ్గరికి వచ్చి, "అది తీసెయ్యండి మాస్టారూ. ఎవురన్నా చూత్తే ఈ గట్టు మీద ఉండనివ్వరు" అంది.

క్లబ్బులో రెండు శనివారాలు గొడవపడ్డాం. నిజం తీసేస్తే ఇక మనకీ వాళ్ళకీ తేడా ఏంటని కొందరు. మనం బడి అయ్యాక ఇంటికి పోతాం, వాళ్ళు ఎక్కడికి పోతారని ఇంకొందరు. మాకూ తీసేయాలని లేదు. కానీ మొదటి సినిమాలో ఆవిడని అడగలేదు, రెండోసారి అడిగి వినకపోవడం అంతకన్నా చెడ్డదనిపించింది. తీసేశాం. ఇప్పుడది పంతొమ్మిది నిమిషాల సినిమా. ఆ ముక్క తీసేసిన చోట చిన్న కుదుపు ఉంటుంది, పిల్లలు దాన్ని సర్దడానికి ఒప్పుకోలేదు.

మూడు నిమిషాల ముక్క ఉన్న మెమరీ కార్డు ఆ పిల్లవాడి దగ్గరే ఉంది. జామెట్రీ బాక్సులో పెట్టుకున్నాడు. మొన్న శనివారం అడిగాడు, పదో తరగతి అయిపోయాక మేం ఈ చెరువు మీద ఉండం కదా, అప్పుడు కలపొచ్చా అని. మీ అమ్మనడుగు అన్నాం.